కొంగు ముడిలో ప్రసాదం

ముడి విప్పకపోయినా బాగుండేదని విప్పిన తర్వాత తోచింది రాజమ్మకు.

నిన్న సాయంత్రం వ్రతంలో కోడలు కట్టుకున్న పసుపు చీర అది. నానబెడదామని బకెట్ దగ్గర కూర్చుని కొంగు అందుకుంటే చివర ఏదో బరువు తగిలింది. కొంగు కుచ్చుల పోగులు రెండు తీసి బిగించిన ముడి. తెగిన నూలును అతకడానికి మగ్గం దగ్గర వేసే ముడి. లాగినకొద్దీ బిగుసుకుంటుంది. దాన్ని కోడలికి నేర్పింది రాజమ్మే. విప్పే ఒడుపు కూడా ఆ ఇంట్లో రాజమ్మ వేళ్లకే ఉంది.

లోపల నెయ్యి పేరుకున్న గోధుమ రవ్వ, నల్లబడిన అరటిపండు ముక్క, ఒక కిస్మిస్.

సత్యనారాయణస్వామి ప్రసాదం. కోడలు తినలేదు. తిన్నట్టు చేతిని నోటి దాకా తీసుకెళ్లి, కొంగున కట్టుకుంది.

రాజమ్మ తల ఎత్తింది. వంటగట్టు దగ్గర జొన్నగటక కలుపుతున్న సుభాషిణి చేయి ఆగిపోయింది. విప్పిన కొంగును చూసింది, అత్త ముఖం చూసింది, మళ్లీ గిన్నెలోకి చూసింది.

ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంది. కింద ఉన్న మగ్గాల కార్ఖానా దీపావళికి మూసింది, ఇంకా తెరవలేదు. సూరత్‌లో ఈ లింబాయత్ గల్లీలన్నిటిదీ అదే తీరు. ఏడాది పొడుగునా రాత్రీపగలూ టకటకలాడే ఊరు పండగ సెలవుల్లో మూగబోతుంది. ఆ చప్పుడులోనే కాపురానికి వచ్చి, ఆ చప్పుడులోనే కొడుకును కని, ఆ చప్పుడులోనే జుట్టు నెరిసిన రాజమ్మకు ఈ నిశ్శబ్దంలో సరిగ్గా నిద్రా పట్టదు, సరిగ్గా మెలకువా రాదు. దీపావళి నుంచీ కలలో నడుస్తున్నట్టే తిరుగుతోంది. ఇవాళ మధ్యాహ్నం కార్ఖానా యజమాని సేఠ్ కొబ్బరికాయ కొట్టి మళ్లీ మగ్గాలు మొదలుపెడతాడట. అప్పుడు గానీ తనకు తెల్లవారదనుకుంది పొద్దున లేస్తూనే. ఇలా తెల్లవారుతుందనుకోలేదు.

"అత్తమ్మా" అంది సుభాషిణి.

రాజమ్మకు కోపం తర్వాత వచ్చింది. ముందు మనసు చివుక్కుమంది. ఎందుకంటే నిన్నటి వ్రతం ఈ పిల్ల కోసమే.

నిరుడు ఈపాటికి సుభాషిణి మంచానికి అతుక్కుపోయి ఉంది. ఏం తిన్నా కడుపులో నిలవదు, ఒంట్లో రక్తం లేదు. రెండుసార్లు నెల తప్పింది, రెండుసార్లూ నిలవలేదు. తాయెత్తులు, దిష్టితీతలు అన్నీ అయ్యాక పెద్దాసుపత్రి డాక్టరమ్మ రక్తం పరీక్ష చేయించి, నోట్లోంచి గొట్టం వేసి పేగులు చూసి, ఇది గోధుమ పడని జబ్బని తేల్చింది. గోధుమ లోపలికి పోతే ఈమె ఒళ్లు తన పేగును తానే శత్రువనుకుని కొడుతుందంది. రాజమ్మకు అంతుపట్టలేదు. "మగ్గం తన పడుగును తనే తెంపుకున్నట్టు అమ్మా" అని కొడుకు నరహరి చెప్పినప్పుడు అర్థమైంది, భయమూ వేసింది. దీనికి గోధుమ మానడమే మందట. జన్మంతా మానాలట. రవ్వంత కూడా పనికిరాదట. పేగు మానాక, రక్తం పట్టాక, అప్పుడు పిల్లల సంగతి ఆలోచించమంది.

ఆనాటి నుంచి వంటిల్లు రాజమ్మ చేతిలోకి తీసుకుంది. పాత పెనం, చపాతీ పీట, కర్ర అన్నీ డిండోలిలో చుట్టాలకు ఇచ్చేసింది. గల్లీ చివర చక్కీలో గోధుమల తర్వాత జొన్నలు పోస్తే రెండు పిండీలూ కలుస్తాయని తెలిసి, జొన్నలు ఇంట్లోనే కడిగి, మేడ మీద ఎండబెట్టి, మిక్సీలో పట్టి జల్లించింది. ఇంగువలో మైదా కలుపుతారని విని ఇంగువ డబ్బా అవతల పారేసింది. రోగం ఒకరిది, పత్యం ఇంకొకరిదా అని మొగుడు గంగారాం సణిగాడు. ముప్ఫై ఏళ్లుగా సూరత్‌లో రోటీకి అలవాటుపడ్డ నోరు ఆయనది. ఇంట్లో జరుగుబాటు లేక పొద్దున్నే చాయ్ బండి దగ్గర ఖారీ బిస్కెట్లు తిని, మీసాల మీద పొడి దులుపుకోకుండా వస్తాడు. రాజమ్మ చూసీ చూడనట్టు ఊరుకుంటుంది.

నెమ్మదిగా కోడలి ముఖంలో రంగు తిరిగింది. పిల్లకు పానం బాగైతే వ్రతం చేపిస్త సామీ అని ఆసుపత్రి మెట్ల మీద మొక్కుకున్న మొక్కు నిన్న కార్తీక పున్నమికి తీర్చింది. కిలోంబావు గోధుమ రవ్వ, అందుకు తగ్గ చక్కెర, నెయ్యి, పాలు, అరటిపండ్లు. రవ్వ వేయించేటప్పుడు ఇది గోధుమే కదా అని ఆమెకు తట్టలేదా అంటే, తట్టింది. కానీ రాజమ్మ లెక్కలో ప్రసాదమైన తర్వాత అది గోధుమ కాదు. ఇంగువను నమ్మలేదు, చక్కీని నమ్మలేదు, దేవుణ్ణి మాత్రం నమ్మింది.

"నువ్వు బాగైనందుకు చేసిన వ్రతం బిడ్డా ఇది" అంది రాజమ్మ చివరికి. "ఆ ప్రసాదాన్నే మూటగడితివి."

"కండ్లకద్దుకున్న అత్తమ్మా. తింటే మళ్ల మొదటికొస్తది. థోడా భీ నహీ, కొంచెం గూడ వద్దు అని డాక్టర్ మేడమ్ అన్ననాడు నువ్వు నా పక్కనే ఉన్నవు."

"దేవునికి పెట్టినంక అది గోధుమెట్లయితది?"

సుభాషిణి స్టవ్ ఆపింది. గొంతు పెంచలేదు. సూరత్‌లో పుట్టి పెరిగిన పిల్ల, మూడు భాషల్లో జగడమాడగలదు. కానీ ఈ ఇంట్లో అడుగుపెట్టిన నాటి నుంచీ అత్త ముందు నెమ్మదిగానే మాట్లాడింది, ఇప్పుడూ అంతే.

"అది దేవునిదని నా పేగుకు ఎట్ల తెలుస్తది అత్తమ్మా?"

జవాబు లేనప్పుడు మనిషికి ఇంకో ప్రశ్న దొరుకుతుంది. నరహరికి ఈ సంగతి ఎరుకేనా అని రాజమ్మ అడిగింది. సుభాషిణి తల దించుకుని గరిట పక్కన పెట్టింది. నిన్న హారతి అవుతుండగా తలుపు చాటున కొడుకు కోడలి చెవిలో ఏదో చెప్పడం రాజమ్మ చూసింది. మొగుడూ పెళ్లాల ముచ్చట అనుకుని మురిసిపోయి ముఖం తిప్పుకుంది. ముడి వేయమన్నది వాడేనన్నమాట. తల్లికి చెప్పే ధైర్యం లేక పెళ్లానికి ఉపాయం చెప్పాడు.

అప్పుడే గంగారాం మెట్లెక్కి వచ్చాడు, మీసాల మీద ఖారీ పొడితో సహా. మగ్గాల మధ్య బతికి ఆయన చెవులు ఎప్పుడో మొద్దుబారాయి. తనకు వినపడదు కాబట్టి ఎవరికీ వినపడదనుకుని పెద్దగా మాట్లాడతాడు. ఆయనకు తెలిసిన సంగతి గల్లీకంతా తెలిసినట్టే. అలాగని ఆయన దగ్గర గుసగుసలూ చెల్లవు. కార్ఖానాలో చప్పుడుకు గొంతులు పనిచేయవు, అక్కడ పెదాలతోనే మాట్లాడుకుంటారు, పెదాలు చూసే వింటారు. ఆ విద్య గంగారాంకు వెన్నతో పెట్టినట్టు వచ్చు. కండెలు చుట్టడానికి వెళ్లిన రోజుల్లో రాజమ్మకూ అబ్బింది. వచ్చిన కొత్తలో సరదాకు నేర్చుకుని కోడలు కూడా మామతో అలాగే మాట్లాడుతుంది.

ఏందే, ఇద్దరు గట్ల నిలబడ్డరని ఆయన అరిచాడు. రాజమ్మ పెదాలు కనపడకుండా గోడవైపు తిరిగి, కొంగు మూసి, చీరను బకెట్లో ముంచింది. ప్రసాదం ముద్దను మాత్రం నీళ్లపాలు చేయలేక ఆకులో చుట్టి, పటాలు పెట్టుకున్న దేవుడి అరమర కింద పెట్టింది. ఆయన కాసేపు చూసి, ఆడవాళ్ల సంగతి తనకెందుకన్నట్టు, కింద సేఠ్ కొబ్బరికాయ ఏర్పాట్లు చూడ్డానికి దిగిపోయాడు.

ఆయన వెళ్లాక భయం మొదలైంది.

కోపం వస్తే రాజమ్మ అరిచి చల్లబడేది. భయం అలా కాదు. వ్రతకథ ఎన్నిసార్లు విన్నదో ఆమెకే తెలియదు. ప్రసాదం తీసుకోకుండా మొగుడి కోసం రేవుకు పరుగెత్తిన ఇల్లాలి కథ ఉంది అందులో. ఆమె కళ్ల ముందే మొగుడితో సహా పడవ మునిగిపోతుంది. చిన్నప్పటి నుంచీ ఆ చోటికి వచ్చేసరికి రాజమ్మ ఒళ్లు ఝల్లుమంటుంది. ఇవాళ తెల్లవారుజామున నరహరి బండి మీద ఊరవతల ఉన్న సచిన్ పేటకు వెళ్లాడు. సెలవుల తర్వాత అక్కడి కార్ఖానాలో మగ్గాలు తిప్పే మొదటి రోజు. దుమ్ముపట్టిన మోటార్లు, ఎండిపోయిన బెల్టులు. ఆ ఆలోచన వచ్చాక ఆమె ఫోన్ అందుకుంది. మోగింది, వాడు ఎత్తలేదు. మళ్లీ చేసింది, మళ్లీ మోగింది. దేవుడి ముందు కొడిగట్టిన దీపం వైపు చూస్తూ ఇంకోసారి చేసింది.

సుభాషిణి దగ్గరికి వచ్చింది. పనిలో ఉంటాడు, ఫోన్ పెట్టెలో పెట్టి ఉంటాడు, టెన్షన్ పడకని చెప్పింది. అత్త చేతిలోంచి ఫోన్ మెల్లగా తీసుకోబోయింది.

రాజమ్మ చేయి వెనక్కి లాక్కుంది.

"ఇప్పుడు నా కొడుక్కి ఏమన్న అయితే..." అంది.

అక్కడితో ఆగింది. ఆగినా ఏం లాభం. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం. ఆ సగం మాట ఇంట్లోకి వచ్చేసింది. సుభాషిణి ముఖంలో, ఇన్ని నెలలు జొన్నరొట్టెలు పెట్టి తెప్పించిన రంగు, రాజమ్మ చూస్తుండగానే దిగిపోయింది. ఆమె ఏమీ అనలేదు. దేవుడి అరమర వైపు చూసింది. అక్కడ నిన్న మిగిలిన ప్రసాదం స్టీలు గిన్నెలో మూతపెట్టి ఉంది, రేపు నరహరి తన తోటి పనివాళ్లకు పట్టుకెళతానన్నది. చూసి, లోపలి గదిలోకి వెళ్లి గోడకు ఆనుకుని కూర్చుంది.

ఈమధ్య ఇలాగే కూర్చుంటోంది ఈ పిల్ల. రాజమ్మ గమనించకపోలేదు. ఇంటికి తెచ్చుకుని చీరలకు రాళ్లు అంటించే పని మానేసింది. గమ్ము వాసనకు తల తిరుగుతోందట. కింద నుంచి నీళ్ల బిందె తేవడమూ మానేసింది. ఒంట్లో బాగైతే ఇంకా చురుగ్గా ఉండాలి గానీ బద్ధకం వచ్చిందేమిటనుకుంది రాజమ్మ. అనుకుని పైకి అనలేదు. ఇవాళ అనరానిది అనేసింది.

జొన్నగటక ఎవరూ ముట్టుకోలేదు. దాని మీద మీగడలా పొర కట్టింది.

కిటికీ పక్కన చాప మీద ఒరిగింది రాజమ్మ. చలికాలపు ఎండ మెత్తగా కాళ్ల మీద పడుతోంది. చప్పుడు లేని ఊరు మీద పావురాలు ఎగురుతున్నాయి. కళ్లు మూసుకుందో లేదో ఆమెకే తెలియదు.

తాపీ నది కనపడింది. నీళ్లు కావు, పడుగు. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా తెల్లటి పోగులు పరిచి ఉన్నాయి. వాటి మీద ఒక పడవ వెళ్తోంది, చప్పుడు లేకుండా. పడవలో నరహరి కూర్చుని తెగిన పోగులు ఒక్కొక్కటే అతుకుతున్నాడు. ఇటు రారా అని రాజమ్మ పిలుస్తోంది, గొంతు రావడం లేదు. పెదాలు కదిపింది, వాడు చూడటం లేదు. వాడు చంటివాడిలా ఉన్నాడు, మళ్లీ చూస్తే వాడి ఒళ్లో ఇంకో చంటిబిడ్డ ఉంది. ఎవరి బిడ్డరా అని అడగబోయింది. పక్కనుంచి పంతులు కథ చదువుతున్న గొంతు వినిపిస్తోంది, తేనెటీగ మోతలా, ఏళ్ల తరబడి విన్న అదే మోత. అరటిపండ్లు, ఆవునెయ్యి, ఆవుపాలు, గోధుమ నూక, అది లేనప్పుడు బియ్యపు నూక, చక్కెర, అది లేనప్పుడు బెల్లం...

రాజమ్మ కళ్లు తెరిచింది.

అది లేనప్పుడు బియ్యపు నూక. ఈ మాట తాను కలగన్నదా, ఎప్పుడైనా విన్నదా. కొడుకు ఒళ్లో బిడ్డ సంగతి మరిచిపోయింది, ఈ మాట పట్టుకుంది. చెప్పులు వేసుకుంది. లోపల సుభాషిణి అలాగే కూర్చుని ఉంది. ఇప్పుడే వస్తానని రాజమ్మ చెప్పింది. ఎక్కడికో చెప్పలేదు. ఒకవేళ కలే అయితే పిల్ల ముందు చిన్నబోవాలి కదా.

చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

శ్యాంసుందర్ పంతులు రెండు గల్లీల అవతల పూజాసామాను కొట్టు నడుపుతూ అక్కడే ఉంటాడు. సూరత్‌లో మన వాళ్ల ఇళ్లలో వ్రతాలన్నీ ఆయనవే. నిన్న పున్నమి కాబట్టి ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి కథ చెప్పీ చెప్పీ గొంతు పూర్తిగా పోయింది. కుప్పలు పడ్డ అరటిపండ్ల మధ్య కూర్చుని వేడినీళ్లు తాగుతున్నాడు. రాజమ్మ జరిగిందంతా చెప్పింది. ముడి సంగతి చెప్పింది, సగం మాట సంగతి కూడా చెప్పింది. కలలో విన్న మాట చివర చెప్పింది, జర సిగ్గుపడుతూ.

పంతులు నవ్వాడు. గొంతు రాకపోయినా పెదాలు కదిలితే రాజమ్మకు చాలు.

"కల గాదమ్మా. అది కథలనే ఉన్నది. మొదలే చెప్త నేను, సామాను చెప్పేటప్పుడు. ఎవరింటరు? అప్పటికింక అందరు పీటలు సర్దుకుంటుంటరు."

"గోధుమ ఇంట్ల ఉంటె గూడ బియ్యం నూక చెయ్యొచ్చునా అయ్యగారూ? లేనప్పుడు అన్నరు గద."

"తినరానిది ఉన్నా లేనట్టే. పో, ఇంత బియ్యం నూకతోని చేసి, దీపం పెట్టి, బిడ్డకు నీ చేత్తోని పెట్టు. అదే ప్రసాదం. మూటగట్టినదాన్ని ఆవుకు పెట్టు."

మరి నిన్నటి తప్పు అని ఆమె నసిగింది. తప్పేమీ లేదన్నట్టు ఆయన చేయి ఊపి ఒక అరటిపండు చేతిలో పెట్టాడు.

రాజమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. ఎన్నేళ్ల కథ, ఎన్నిసార్ల కథ, మునిగిన పడవే చెవికెక్కింది గానీ బియ్యపు నూక ఎక్కలేదు. భయపడ్డ చోట మనిషి చెవులు ఎంత బాగా పనిచేస్తాయో. ఆమెకు తన మీద తనకే నవ్వూ వచ్చింది. కిరాణా కొట్టులో కూర్చుని బియ్యపు రవ్వ ప్యాకెట్ అటూ ఇటూ తిప్పించి, ఇది గోధుమ పట్టిన మిషన్‌లో పట్టలేదు కదా అని కొట్టువాడి ప్రాణం తీసి, చివరికి నమ్మకం చాలక, రవ్వ వద్దని చెప్పి సోనా మసూరి బియ్యమే కొంది. ఇంట్లో తానే విసురుకుంటుంది.

కొట్టు మెట్లు దిగుతుంటే ఫోన్ మోగింది. నరహరి.

"ఏందమ్మా ఇన్నిసార్లు చేసినవు? ఫోన్ పెట్టెల ఉండె. మగ్గాలన్ని మంచిగ తిరుగుతున్నయి."

ఊరికే చేశానంది. తిన్నావా అని అడిగింది. వాడి గొంతు వెనక మగ్గాల మోత వినిపిస్తోంది. ఆ మోత వింటుంటే పొద్దుటి నుంచీ ఛాతీ మీద కూర్చున్నది ఏదో లేచి వెళ్లిపోయింది. పడవ గట్టుకు చేరింది.

"అమ్మా, సుభా నీకేమన్న చెప్పిందా?"

ఏం చెప్పాలని అడిగింది.

"ఏం లేదు. సాయంత్రం వచ్చినంక ఇద్దరం చెప్తం. నిన్ననే చెప్పాలనుకున్నం, ఇంటినిండ జనముండిరి."

ముడి సంగతే అయి ఉంటుందనుకుంది రాజమ్మ. వెర్రివాడు, తల్లికి భయపడుతున్నాడు. దానికి సాయంత్రం దాకా ఎందుకురా, నాకు తెలిసిపోయిందని చెబుదామనుకుని, వాడే వచ్చి చెప్పనీ అని ఊరుకుంది. బియ్యం సంచి చంకన పెట్టుకుని గబగబా నడిచింది. మాట తీసుకోలేకపోవచ్చు, దాని పక్కన ఇంకో మంచి మాట పెట్టొచ్చు కదా. వెళ్లగానే పిల్ల తల నిమిరి, నువ్వే గెలిచినవు బిడ్డా, దేవుడు గూడ నీ దిక్కే ఉన్నడని చెప్పాలి. ఎలా మొదలుపెట్టాలో దారి పొడుగునా పెదాలతో అనుకుంటూ వచ్చింది. ఎదురుపడ్డవాళ్లు చూసి ఈమె దేనికో జపం చేసుకుంటోందనుకున్నారు.

ఇంటి కింద సేఠ్ అప్పుడే కొబ్బరికాయ కొడుతున్నాడు. చుట్టూ పనివాళ్లు, వాళ్లలో అందరికంటే ముందు గంగారాం, పని మానేసి ఏళ్లయినా తన మగ్గాలే అన్నట్టు. రాజమ్మ వాళ్లను తప్పించుకుని మెట్లెక్కింది.

దేవుడి అరమర ముందు దీపానికి కొత్త నూనె పోసి ఉంది. వత్తి నిటారుగా వెలుగుతోంది. కోడలు పోసిందనుకుని రాజమ్మ సంతోషపడింది.

తర్వాత స్టీలు గిన్నె కనపడింది. మూత ఒక పక్క ఉంది. గిన్నె కడిగి, గట్టు మీద బోర్లించి ఉంది. అరమర కింద ఆకులో చుట్టి పెట్టిన ముద్ద కూడా లేదు.

సుభాషిణి లోపలి గదిలో గోడకు ఆనుకుని కూర్చునే ఉంది, పొద్దున కూర్చున్నట్టే. ఒక చేయి నేల మీద, ఒక చేయి పొట్ట మీద. పెదవి అంచున రవ్వ పలుకు ఒకటి అంటుకుని మెరుస్తోంది.

"ఆయన ఫోన్ ఎత్తిండా అత్తమ్మా?" అని అడిగింది.

చేశాడు, మంచిగున్నాడు అని రాజమ్మ చెప్పింది. ఆ మాట విని కోడలు నవ్వింది. చంటిపిల్లలు నిద్రలో నవ్వినట్టు, హాయిగా. ఆమెకు కావలసింది అదే. ఆమె బేరం కుదిరింది, దేవుడు మాట నిలబెట్టుకున్నాడు. రాజమ్మ చంకలోంచి బియ్యం సంచి జారి నేల మీద పడింది.

అదే క్షణాన కింద మగ్గాలు మొదలయ్యాయి.

ఒకటి, దాని వెనక ఇంకొకటి, ఆ వెనక అన్నీ. గచ్చు అదిరింది. అరమరలో గిన్నెలు గలగలమన్నాయి. ఇన్నాళ్లూ ఆ చప్పుడు కోసం ఎదురుచూసిన రాజమ్మకు ఇప్పుడది వద్దనిపించింది. ఎందుకు తిన్నవే బిడ్డా అంది. తన గొంతు తనకే వినపడలేదు. సుభాషిణి తల ఎత్తి, అత్తకు బాగా కనపడేలా, నెమ్మదిగా పెదాలు కదిపింది.

ఆయన కోసం తిన్న.

రాజమ్మ చూసింది. కోడలు పొట్ట మీది చేయి తీయకుండానే మళ్లీ పెదాలు కదిపింది.

నేనొక్కదాన్నే గాదు అత్తమ్మా తిన్నది.

రాజమ్మకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక కోడలి పక్కనే కూలబడింది. గమ్ము వాసన, నీళ్ల బిందె, ఇద్దరం చెప్తం అన్న కొడుకు గొంతు, పడవలో వాడి ఒళ్లో ఉన్న బిడ్డ, అన్నీ ఒక్కసారే తెలిసొచ్చాయి. రెండుసార్లు నిలవనిది ఈసారి నిలిచింది. నిలిచిన కడుపులోకే నెయ్యి వేసి వేయించిన రవ్వ తన మాట పుణ్యాన వెళ్లింది. ఆసుపత్రికి పోదాం పద అంటూ కోడలి చేయి పట్టుకుంది. ఆ చేయి చల్లగా ఉంది.

తలుపు దగ్గర ఎవరో కదిలినట్టయి ఇద్దరూ చూశారు.

గంగారాం, చేతిలో సేఠ్ ఇచ్చిన కొబ్బరి చిప్పతో. ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో. మగ్గాల మోతలో పెదాలు చదవడంలో ఆయనను మించినవాడు లింబాయత్‌లో లేడు. కోడలి ఆఖరి మాట చదివాడు, పొట్ట మీద చేయి చూశాడు. అంతకు ముందు మాట ఆయన చూడలేదు. పొద్దుటి ముడి ఆయనకు తెలియదు. ముసలి ముఖమంతా విచ్చుకుంది. మీసాలు వణుకుతుండగా కళ్లు తుడుచుకుని, మగ్గాలను కూడా మించిన గొంతుతో గల్లీ అంతా వినేలా అన్నాడు.

"తాతనైతున్న. రాజవ్వా, ఇంక జూస్తవేందే, బిడ్డ నోరు తీపి చెయ్యి. నిన్నటి ప్రసాదం యాడున్నది?"

అత్తా కోడళ్లిద్దరూ గట్టు మీద బోర్లించిన గిన్నె వైపు చూశారు.